పొగ లేవని దీవి

భూగోళం చెప్పేవాడికి ఓపిక ఉండాలంటారు. అలా అనేవాళ్ళెవరూ బాగేపల్లి హైస్కూల్లో ఒక్క ఏడాది కూడా భూగోళం చెప్పి ఉండరు. నేను చెప్పాను. అరవైల మొదట్లో చింతామణి నుంచి నన్ను అక్కడికి బదిలీ చేసినప్పుడు నాకింకా పెళ్ళి కాలేదు, జుట్టు రాలలేదు. ఓపిక మాత్రం అప్పటికే లేదు.

ఆ బడికంతా ఉన్నది ఒక్కటే ప్రపంచ పటం. గుడ్డ మీద అతికించిన పెద్ద పటం. పై అంచు చిరిగిపోతే ఎవరో మహానుభావుడు కొత్త కర్ర తెచ్చి, చిరిగినంత మేరా లోపలికి మడిచి, మేకులు కొట్టేశాడు. దాంతో ఉత్తర ధ్రువం, దాని చుట్టూ ఉన్న సముద్రం, అందులోని దీవులు మొత్తం ఆ కర్ర కిందికి పోయాయి. రష్యా నెత్తిన కర్ర, కెనడా నెత్తిన కర్ర. మేకులు పీకించి సరిగ్గా కొట్టిద్దామని అడిగితే హెడ్‌మాస్టరుగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "ఉత్తర ధ్రువానికి పోయేటోళ్ళు మన తాలూకాలో ఎవురప్పా ఉండారు? కింద ఇండియా కనిపిస్తాండాది గదా, చాలు," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ ఏడాది తొమ్మిదో తరగతి పుస్తకంలో శీతల మండలం పాఠం ఉంది. మాట్లాడేది తెలుగైనా మాది కన్నడ రాష్ట్రం కాబట్టి పుస్తకం కన్నడంలో. అందులో ఉత్తర సముద్రంలో కొన్ని నిర్జన ద్వీపాలు ఉన్నాయని ఒక్క వాక్యం రాసి, ఆ పక్క వాక్యంలో చేపల దగ్గరికి వెళ్ళిపోయారు. పిల్లలు ఆ వాక్యాన్ని అట్లాగే బట్టీపట్టి, అట్లాగే అప్పజెప్పి, అట్లాగే మరిచిపోతారు. మిగతా పంతుళ్ళంతా అంతటితో వదిలేసేవాళ్ళు. నేను వదల్లేను, ఎందుకంటే అలాంటి దీవి ఒకటి అప్పటికే నా బుర్రలో కాపురం పెట్టేసింది.

బెంగళూరులో చదువుకునే రోజుల్లో అవెన్యూ రోడ్డు పక్కన పాత పుస్తకాల గుట్టలో నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. ధ్రువయాత్రల గురించిన పుస్తకం. అందులో తెల్ల దీవి అనే ఒక దీవి సంగతి చదివాక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు. దాని గురించి ఎవరికైనా చెప్పాలని నా తాపత్రయం. హాస్టల్లో చెబితే నవ్వారు. చింతామణిలో చెబితే ఆవలించారు. బాగేపల్లిలో ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దానికి ముందు ఇంట్లో ఉన్న తలనొప్పి గురించి చెప్పాలి. మా నాన్న అక్క, నా మేనత్త, నాతోపాటే ఉండేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. మా నాన్నని ఆవిడే పెంచింది, మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే నన్నూ ఆవిడే పెంచింది. ఆ ఏడాది ఎండాకాలంలో మా నాన్న పోయాడు. కర్మలైపోయిన రోజు నుంచీ అత్త నోట ఒకటే మాట. అన్నం వడ్డిస్తూ అదే, నీళ్ళు తోడుతూ అదే.

"ఈ తూరి మనింటి పొగ ఎవురప్పా లేపేది?"

మా పెద్దల ఊరు గుడిబండె వైపు, గుట్టల నడుమ ఉంది. ఉంది అనడమే గానీ అక్కడ మనిషనేవాడు లేడు. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు ప్లేగు వచ్చి ఊరు ఖాళీ అయింది. మిగిలినవాళ్ళు గుట్ట అవతల కొత్త ఊరు కట్టుకున్నారు. పాత ఊళ్ళో ఇప్పుడు మొండిగోడలు, కంపచెట్లు, పూడిపోయిన ఒక బావి. మా వైపు ఇలాంటి ఊళ్ళు కొల్లలు. రెవెన్యూవాళ్ళు వాటిని బేచిరాకు గ్రామాలంటారు. కాగితాల్లో ఊరికి పేరుంటుంది, పొలాలకి నంబర్లుంటాయి, మనుషులే ఉండరు. ఊరి లెక్కలు రాసే శానుభోగుల నోట విని విని ఆ మాట మా వైపు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చేసింది.

ఆ పాత ఊరికి ఏడాదికొక పూట, రాగి కోతలు ముగిశాక వచ్చే సోమవారం నాడు, ఆ ఊరివాళ్ళంతా పోవాలి. ఎవరి ఇంటి తావులో వాళ్ళు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేయాలి. వంట ముఖ్యం కాదు, పొగ లేవడం ముఖ్యం. పొగ లేచాక సంగటి కెలుక్కుని తిని, పొద్దు వాలకముందే వచ్చేస్తారు. ఏ తావులో ఒక ఏడు పొగ లేవదో ఆ ఇల్లు తీరిపోయినట్టు. ఆ పైన ఆ గోడల రాళ్ళు ఎవరైనా తీసుకుపోయి గొర్రెల దొడ్డికి వాడుకోవచ్చు, అడిగేవాళ్ళుండరు. ఎందుకిలా చేస్తారని అడిగితే పెద్దలు చెప్పింది చేస్తాండామంటారు. అంతకు మించి ఎవరూ చెప్పరు.

మా నాన్న ఏటా పోయేవాడు. నేను చిన్నప్పుడు సంగటికి ఆశపడి వెంట పోయాను, హైస్కూలుకొచ్చాక మానేశాను. అత్త కూడా పోయేది గానీ ఊళ్ళోకి దిగేది కాదు. గుట్ట వాలు మీద కూర్చుని అక్కడి నుంచే చూసేది. మోకాళ్ళ నొప్పులని మేం అనుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ పొగ నా నెత్తిన పడింది. ఆ ఇంటికి మిగిలిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పోకపోతే మా ఇల్లు తీరిపోయినట్టే. "సోమవారం బడి ఉంటుందత్తా," అంటే, "బడి మంగళవారమూ ఉంటాది గదప్పా," అనేది. బేచిరాకు ఊళ్ళో పొగ పెట్టాలని సెలవు చీటీ ఎట్లా రాయాలో నాకు తెలియలేదు. పైగా నేను సైన్సు, భూగోళం చదివినవాణ్ణి. నాకు ఈ తంతు మీద నమ్మకం లేదు, దానికోసం అత్తతో రోజూ పోట్లాడే తీరిక అంతకన్నా లేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున తొమ్మిదో తరగతిలో, పటం ఎటూ పనికిరాదు కాబట్టి, నల్లబల్ల మీద సుద్దముక్కతో ఉత్తర సముద్రం గీసి తెల్ల దీవి పాఠం మొదలుపెట్టాను.

నార్వే దేశానికి ఉత్తరాన, చాలా దూరాన, కొన్ని దీవుల గుంపు ఉంది. ఆ గుంపులో తూర్పున అన్నిటికన్నా చివర ఉన్నది ఈ దీవి. దీవంతా మంచు కప్పేసి ఉంటుంది. ఆ మంచు మధ్యలో ఎత్తుగా లేచి అంచులకి వాలుగా దిగుతుంది, బోర్లించిన చట్టి మాదిరి. రెండు చివర్లా కొంచెం నేల బయటపడుతుంది గానీ అక్కడా మట్టి లేదు, గులకరాళ్ళే. చెట్టు లేదు. చలికాలంలో నెలల తరబడి పొద్దు పొడవదు, ఎండాకాలంలో నెలల తరబడి పొద్దు మునగదు. చుట్టూ సముద్రం గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఓడలు దగ్గరికి రాలేవు, ఎప్పుడో ఒక వేసవిలో దారి దొరికితే తప్ప. తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఏనుగులా రెండు దంతాలుండే వాల్రస్‌లనే సముద్రపు జంతువులు ఒడ్డున పడుకుంటాయి. ఇంతవరకూ బాగానే సాగింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"ఆ దీవి నిర్జన ద్వీపం," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. నా తలరాత బాగాలేక, తొందరగా అర్థమవుతుందని, "నిర్జనమంటే మన బేచిరాకు మాదిరి," అన్నాను.

అంతే, గేటు తెరిచినట్టయింది.

"వాళ్ళు ఇప్పుడు యాడ ఉండారు సార్?" అన్నాడు ముందు వరసలో ఒకడు.

"ఎవరు?"

"ఆ ఊరోళ్ళు."

"ఆ దీవిలో ఎవరూ ఎప్పుడూ లేరయ్యా."

"మరి బేచిరాకు ఎట్లయ్యె సార్? ఉండినోళ్ళు పోతేనే గదా బేచిరాకు అయ్యేది?"

వాడి తర్కంలో తప్పు లేదు, అందుకే నాకు ఇంకా చిరాకేసింది. వెనక నుంచి ఇంకొకడు లేచి, పొద్దు మునగకపోతే గొర్రెల్ని దొడ్లోకి ఎప్పుడు తోలేదని అడిగాడు. గొర్రెలు లేవన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు. ఒక ఆడపిల్ల లేచి, చుట్టూ అన్ని నీళ్ళుండే ఊరు ఇడిసిపెట్టి పోయిండారంటే ఆ ఊరోళ్ళకి బుద్ధి లేదు సార్ అంది. ఆ ఏడు బాగేపల్లిలో అప్పటికింకా వానలు పడలేదు, వాళ్ళ ఇంట్లో నీళ్ళు మోసేది ఆ పిల్లే. ఉప్పునీళ్ళమ్మా, గడ్డకట్టిన నీళ్ళమ్మా అని ఎంత చెప్పినా ఆ పిల్ల మొహంలో ఆ దీవి జనం మీద కోపం తగ్గలేదు. నేను సుద్దముక్క కిటికీలోంచి బయటికి విసిరేశాను. అప్పుడు గానీ కూర్చోలేదు.

ఆ సందులో దీవి చరిత్ర చెప్పాను. ఎప్పుడో ఒక ఓడవాడు ఆ దిక్కున నేల చూశానన్నాడు. ఆయన చూసింది ఈ దీవేనో కాదో తేలలేదు. చాలాకాలం పటాలు గీసేవాళ్ళు దాన్ని ఒకసారి ఇక్కడా ఒకసారి అక్కడా పెట్టారు. తర్వాత పంతొమ్మిదో శతాబ్దం చివర్లో స్వీడన్ దేశంవాళ్ళు ముగ్గురు, ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరిపోదామని గాలిగుమ్మటం ఎక్కి బయల్దేరారు. కొద్ది రోజులకే అది మంచు బరువుకి కిందికి దిగిపోయింది. ముగ్గురూ గడ్డకట్టిన సముద్రం మీద బతికి బయటపడ్డారు. సామాను బళ్ళ మీద కట్టుకుని, తాళ్ళతో లాగుతూ నడక సాగించారు. వాళ్ళు తూర్పుకి నడుస్తుంటే కాళ్ళ కింది మంచు వాళ్ళని పడమరకి మోసుకుపోయింది. పగలంతా లాగి లాగి, లెక్క చూసుకుంటే వెనక్కి పోయి ఉండేవాళ్ళు. ఇది చదివినప్పుడే నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఎలుగుబంట్ల మాంసం తింటూ నెలల తరబడి నడిచి, చలికాలం మొదలయ్యే వేళకి ఆ తెల్ల దీవి ఒడ్డుకి చేరారు. కాళ్ళ కింద కదలని నేల దొరికింది కదా, ఇంక బతికామనుకుని ఉంటారు. అక్కడికి చేరిన కొన్నాళ్ళకే ముగ్గురూ పోయారు. ఎందుకు పోయారో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళు దాటాక, మంచు బాగా కరిగిన ఒక వేసవిలో, సీళ్ళనే సముద్రపు జంతువుల వేటకి పోయిన పడవవాళ్ళు ఆ ఒడ్డున దిగితే వాళ్ళ ఎముకలు కనిపించాయి. అంతవరకూ వాళ్ళు ఏమయ్యారో లోకానికి తెలియదు.

గంట కొట్టారు. పిల్లలెవరూ లేవలేదు. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

ఆ ఆనందం మూడు నెలల పరీక్ష దాకానే. ఉత్తర సముద్రంలోని ద్వీపాలలో జనులు ఎందుకు నివసించరు అని ప్రశ్న ఇచ్చాను. చలి అని రాస్తే చాలు, మార్కులు వేసేవాణ్ణి. తరగతిలో సగానికి పైగా చలి మాటే ఎత్తలేదు. ఆ ఊళ్ళో జ్వరం వచ్చిందట. జనం పక్క దీవికి పోయి ఇళ్ళు కట్టుకున్నారట. ఏటా కోతలయ్యాక పడవలు కట్టుకుని వచ్చి, ఎవరి తావులో వాళ్ళు పొగ లేపి, పొద్దు మునగకముందే ఇళ్ళకి పోతారట. పొద్దు మునగదని నేను చెప్పింది గుర్తున్న ఒక బుద్ధిమంతుడు, అక్కడ పొద్దు మునగదు కాబట్టి తొందర లేదు, నిదానంగా తిని పోతారు అని చేర్చాడు.

తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. చాలనట్టు ఆ కాగితాలు హెడ్‌మాస్టరుగారి కంటపడ్డాయి. "ఏనప్పా ఇదు?" అని కన్నడంలో మొదలుపెట్టి, కోపం పెరిగేకొద్దీ తెలుగులోకి దిగారు. "భూగోళం చెప్పమంటే నువ్వు బేచిరాకు ఊళ్ళ కథలు చెప్తాండావా?" నేను చెప్పలేదండీ, వాళ్ళే రాశారండీ అంటే, "నువ్వు చెప్పకుండా ఇంతమంది ఒకే తప్పు ఎట్ల రాస్తారు?" అన్నారు. వాళ్ళు ఒకరి దాంట్లో ఒకరు చూసి రాయలేదు. వాళ్ళకి తెలిసిన బేచిరాకు అదే, అంతే.

కాగితాల కట్ట చంకలో పెట్టుకుని ఇంటికొస్తే అత్త వాకిట్లో చేట ముందేసుకుని అలసందలు ఏరుతోంది. మనిషి కనపడితే చాలు కక్కేసేలా ఉన్నాను. దీవి, గాలిగుమ్మటం, పిల్లల రాతలు, హెడ్‌మాస్టరు, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అత్త అంతా విని, రాయొకటి ఏరి పారేసి, "పిల్లోళ్ళు తప్పేమి రాసిరప్పా?" అంది.

"అత్తా! అక్కడ ఊరే లేదు!"

"ఆ ముగ్గురూ ఉండిరి గదా కొన్ని దినాలు."

"ఉంటే?"

"మనుషులుండిన తావే గదా మరి."

నేను చొక్కా విప్పి దండేనికి కొట్టాను. అత్త ఏరడం ఆపలేదు. కాసేపటికి మళ్ళీ, "ముగ్గురూ ఒకే తూరి పోయిరా?" అంది.

"లేదు. ఒకాయన ముందు పోయాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని రాళ్ళ సందులో పెట్టి పైన రాళ్ళు పేర్చారు."

"ఆ ఇద్దుర్లో ఎనక పోయింది ఎవురు?"

"తెలీదత్తా."

"ఒగడే ఎన్నాళ్ళుండె?"

"తెలీదంటున్నాను గదా! ఎవరికీ తెలీదు. పుస్తకంలో లేదు."

"పొయ్యి ఉండెనా వాళ్ళకి?"

"ఉండింది. కిరసనాయిలు పొయ్యి. అన్నేళ్ళ తర్వాత దొరికినప్పుడు కూడా పనిచేసిందంట."

"అయితే రాజేసుకోనుంటాడు పాపం. ఆ పొగ చూసేదానికి ఎవురూ లేకపోయిరి."

"కిరసనాయిలు పొయ్యికి పొగ రాదత్తా," అన్నాను. అది చాలా ముఖ్యమైన విషయమన్నట్టు అన్నాను. అత్త చేట ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ పూట ఆవిడ తినలేదు. అడిగితే ఆకలి లేదంది. ఎప్పుడో చచ్చిపోయిన స్వీడన్‌వాళ్ళ కోసం ఈవిడ పస్తులేమిటని విసుక్కుంటూ నేను మాత్రం తిన్నాను.

రాగి కోతలయ్యాయి. ఆ ఆదివారమంతా అత్త పొగ మాట ఎత్తలేదు. మరిచిపోయిందని నేను సంబరపడ్డాను. సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో మనిషి లేదు. పొయ్యి మీద నాకు ఉప్పిట్టు మూతపెట్టి ఉంది. వీధిలోకి పరిగెత్తితే, రాగిపిండి మూట నెత్తిన పెట్టుకుని, ఒక్కో మోకాలూ చేత్తో పట్టుకుని ఎత్తి వేస్తున్నట్టు నడుస్తూ, బస్టాండు వైపు పోతోంది.

"యాడికి?" అని అరిచాను. కోపంలో నాకూ ఆ భాషే వచ్చింది.

"నువ్వు బడికి పో అప్పా. నేను పోతాను."

"ఆ మోకాళ్ళతో గుట్ట ఎక్కుతావా?"

"ఎక్కలేకపోతే ఆడనే కూసుంటాను."

బడికి రాలేనని పక్కింటాయనతో కబురు పంపి, తడి జుట్టుతో బస్సెక్కాను. మలుపు దగ్గర దిగి కొత్త ఊరికి నడిచేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడ మాకు అన్న వరసయ్యే ఒకాయన కళ్ళంలో రాగులు తూరుపారబడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఈ తూరి ఎవురూ పోలేదప్పా. పోయినేడు మీ నాయనా, నేనూ, ఇంగొకాయన పోతిమి. ఏముండాది ఆడ, కంప తప్ప," అన్నాడు. బండి మాత్రం కట్టి ఇచ్చాడు. తాను రాలేనని, గాలి ఇప్పుడే అందుకుందని, గాలి పడిపోతే రాగులు తూరుపారబట్టేదానికి ఉండదని చెప్పాడు.

ఎవరూ రాని ఊరికి, అత్తని వెనక కూర్చోబెట్టుకుని, ఎద్దులు తోలుకుంటూ నేను. నాకు బండి తోలడం సరిగ్గా రాదు. ఎద్దులకి ఆ సంగతి తెలుసు. గుట్ట వాలు మీదికి ఎక్కేసరికి నా చేతులు బొబ్బలెక్కాయి. అక్కడ అత్త బండి ఆపమంది, దిగింది, చదునుగా ఉన్న ఒక బండ మీద కూర్చుంది.

"ఊళ్ళోదాకా బండి పోతుంది, ఎక్కు," అన్నాను.

"నేను దిగను. నువ్వు పోయి రాజేయి. ఈడనుంచి చూస్తాను."

ఇంక నావల్ల కాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు రానిదానికి నన్నెందుకు ఈడ్చుకొచ్చావు? ఎవరి కోసం ఈ పొగ? ఊళ్ళో మనిషి లేడు, ఈ ఏడు ఆ ఊరివాళ్ళొక్కరు కూడా రాలేదు, నేను బడి ఎగ్గొట్టి వచ్చాను. ఎవరు చూడాలని?" అని గుట్టంతా మోగేట్టు అరిచాను.

అత్త నా వైపు చూడలేదు. కింద మొండిగోడల వైపు చూస్తూ చెప్పింది.

"ఆ ప్లేగప్పుడు ఊరిడిసి ఈడ గుడిసెలేసుకోనుంటిమప్పా. ఊరంతా ఈడనే. మాయమ్మకి జ్వరమొచ్చి గడ్డ లేసె. ఆయమ్మ మాతో రాలేదు. నేనొస్తే పిల్లోనికి అంటుకుంటాదని ఇంట్లోనే ఉండిపోయె. మీ నాయన అప్పుడు చంకలో బిడ్డ. వాణ్ణి నా చేతికిచ్చి, పొద్దున్నే పొయ్యి రాజేస్తాను, ఆడనుంచి చూసుకో, పొగ లేస్తే నేనుండాననుకో, అనె. పొద్దున్నే లేసి చూస్తాంటి. లేస్తాండె పొగ. మీ నాయన్ని ఎత్తుకోని చూపిస్తాంటి, అదో అమ్మ, అదో అమ్మ అని. ఒగ పొద్దున లేవలేదు. ఇంగా పొద్దెక్కలేదేమో అనుకుంటి. మాపటేళ దాకా ఈ బండ మీదనే కూసోనుంటి. పోయి చూస్తానంటే పోనీలేదు. ఎవురూ పోలేదు."

ఎద్దులు మెడలు విదిలించుకున్నాయి.

"ఆ మరుసటేడు పెద్దోళ్ళంతా వచ్చి, ఎవురి తావులో వాళ్ళు పొయ్యి రాజేసిరి. అందరిండ్లల్లోనూ ఎవురో ఒగరు అట్లనే మిగిలిపోయిండారు గదా. ఇప్పటోళ్ళకి తెలీదు."

"నాన్నకి తెలుసా?" అన్నాను చివరికి.

"వానికి చెప్పింటి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడడిగితివప్పా? నువ్వు చెప్పేటోనివే గదా ఎప్పుడూ."

నా కోపం చచ్చిపోలేదు, ఎవరి మీద పెట్టాలో మాత్రం తెలియలేదు. మూట తీసుకుని వాలు దిగి ఊళ్ళోకి పోయాను. ఇళ్ళ తావులన్నీ కంపతో పూడిపోయి ఉన్నాయి. మా ఇంటి తావు గుర్తుపట్టడానికే చాలాసేపు పట్టింది. పోయినేడు నాన్న పెట్టిన రాళ్ళు మసిపట్టి అట్లాగే ఉన్నాయి. వాటి మధ్య ఎండుపుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీశాను. గాలికి ఆరిపోయింది. ఇంకొకటి గీశాను, అదీ ఆరిపోయింది. చొక్కా విప్పి అడ్డం పట్టుకుని, పుల్ల తర్వాత పుల్ల గీసి గీసి, ఎట్లాగో అంటించాను. తీరా అంటుకున్నాక కంప బాగా ఎండి ఉంది కాబట్టి భగ్గున మండింది. మంట ఉంది, పొగ లేదు. పట్టపగటి ఎండలో మంట కనపడుతుందా? పైకి చూశాను. అంత దూరాన అత్త బండ మీద కదలకుండా కూర్చుని ఉంది.

"కనిపిస్తోందా?" అని అరిచాను. జవాబు లేదు.

అప్పుడు నిజంగా భయమేసింది. ఆవిడకి పొగ కనపడకపోతే? అటూ ఇటూ పరిగెత్తి, గోడ పక్కన మొలిచిన తంగేడు పచ్చికొమ్మలు విరిచి, చేతులు గీరుకుపోతున్నా చూసుకోకుండా తెచ్చి మంట మీద వేశాను. మంట అణిగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత దట్టంగా, తెల్లగా, గోడల పైకి లేచింది. గాలి ఆగినట్టుంది, నిలువునా పోయింది.

వెనక్కి తిరిగి గుట్ట వైపు చూశాను. అత్త లేచి నిలబడింది. ఎడమ చెయ్యి నడుము దగ్గర వంచి పెట్టుకుంది, చంకలో బిడ్డ ఉన్నట్టు. కుడి చెయ్యి పొగ వైపు చాపి ఏదో చెబుతోంది. అంత దూరం నుంచి మాటలు వినపడవు. ఏం చెబుతోందో నాకు తెలుసు. కిందికి వంగి ఇంకో రెండు పచ్చికొమ్మలు వేశాను.